ప్రోగ్రామర్లు కోడ్‌లో రాసుకునే జోకులు మామూలు వాళ్లకు అర్థమవుతాయా? మీరు చూసిన వాటిలో మంచివి చెప్పగలరా?

అర్థమయ్యేవీ ఉన్నాయి, కానివీ ఉన్నాయి. కానివాటి సంగతి ముందు తేల్చేస్తాను.

"లోకంలో మనుషులు 10 రకాలు: బైనరీ తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు." ఈ జోకును టీషర్టుల మీద, కాఫీ మగ్గుల మీద, కాలేజీ ఫెస్టు బ్యానర్ల మీద నేను చూసినన్ని సార్లు తిరుపతి బస్టాండులో సప్తగిరి బస్సు బోర్డు కూడా చూసి ఉండను. సున్నా, ఒకటి మాత్రమే వాడే బైనరీ లెక్కలో 10 అంటే రెండు. అంతే దాని కిటుకు. మొదటిసారి నవ్వొస్తుంది, రెండోసారి రాదు. పైగా దాన్ని కంప్యూటర్‌కు ఇస్తే ఏమీ జరగదు. కోడ్ గురించి మనుషులు చెప్పుకునే జోకు అది.

కోడ్‌తో చేసే జోకు నడవాలి. అది నా షరతు. ఒకే మాటను ఇద్దరు వింటారు. కంప్యూటర్‌కు ఒక అర్థం, కోడ్ చదివే మనిషికి ఇంకో అర్థం, రెండూ సరిగ్గా అతకాలి. మనవాళ్లు శ్లేష అనేది దీన్నే. పింగళి సూరన 16వ శతాబ్దంలో రాఘవ పాండవీయం రాశాడు. అవే పద్యాలు ఒక రకంగా విడదీస్తే రామాయణం, ఇంకో రకంగా విడదీస్తే భారతం. కోడ్‌లో తేడా ఏమిటంటే, ఇద్దరు శ్రోతల్లో ఒకడికి రసం బొత్తిగా తెలియదు. ఒక్క కామా తప్పినా ఊరుకోడు. వాడి చేత సరే అనిపించుకుంటూ పక్కవాణ్ణి నవ్వించాలి.

నేను తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తాను. ఎనిమిది మందిమి. లాడ్జీలకు రూమ్ బుకింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. అంతకుముందు బెంగళూరులో ఆరేళ్లు చేశాను. అక్కడ ఒక ఫంక్షన్‌కు, అంటే ఒక పని చేసే కోడ్ ముక్కకు, పేరు పెట్టాలంటే ముగ్గురు ఒప్పుకోవాలి. ఇక్కడ అడిగేవాళ్లు లేరు. దానివల్ల ఏమైందో చివర్లో చెప్తాను.

పైథాన్ అనే కంప్యూటర్ భాషలో మూడో వెర్షన్ నుంచి పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. ఇఫ్, ఫర్, రిటర్న్ లాంటి భాష సొంత మాటలు ఇంగ్లీషులోనే ఉంటాయి గానీ ఫంక్షన్లకు, విలువలు దాచుకునే వేరియబుల్స్‌కు మనం పెట్టే పేర్లు తెలుగులో ఉన్నా అది ఏమీ అనదు. ఈ సంగతి తెలిసిన రోజే మా దగ్గర క్యూ నడిపే ఫంక్షన్ పేరు 'జరగండి' అయిపోయింది. బుకింగులు వరసలో నిలబడి ఉంటాయి. ముందున్నదాన్ని బయటికి పంపి, వెనకదాన్ని ముందుకు తేవాలి. కొండ మీద స్వామి ఎదురుగా అర నిమిషం కూడా నిలబడనీయకుండా వినిపించే మాట ఏది? ఇంకో పేరు పెట్టడానికి మనసొప్పలేదు. ప్రోగ్రామ్ తాను చేసిన పనులు రాసుకునే చిట్టాలో, అంటే లాగ్‌లో, కూడా అదే పడేది. సీజన్ రోజుల్లో స్క్రీన్ నిండా జరగండి, జరగండి, జరగండి అని పైకి పోతూనే ఉండేది. టీ తెచ్చే ఆయన ఒకరోజు ఫ్లాస్కు పట్టుకుని అట్లే నిలబడి చూసి, "ఈడ కూడా తోస్తా ఉండారా సార్?" అన్నాడు. మీ ప్రశ్నలో మొదటి సగానికి నా జవాబు ఆయనే.

ఇంకొకటి 'మూడు_కత్తెర్లు'. తలనీలాలు పూర్తిగా ఇవ్వని ఆడవాళ్లు మూడు కత్తెర్లు ఇస్తారు కదా, అది. ఒక లాడ్జి పాత సిస్టమ్ నుంచి మాకు వచ్చే మొత్తాలన్నీ 1500.00 అని చివర చుక్క, రెండు సున్నాలతో ఉండేవి. చివరి మూడు అక్షరాలు కత్తిరించాలి. కంప్యూటర్ భాషల్లో అంచులు కత్తిరించడాన్ని ట్రిమ్ అనే అంటారు, కాబట్టి ఈ పేరులో అబద్ధం ఏమీ లేదు. లిస్టు మొత్తం ఖాళీ చేసేది 'గుండు'. చేశాక ఎన్ని మిగిలాయో అడిగితే సున్నా అని వస్తుంది. గుండు సున్నా. ఈ రెండూ చాలా రోజులు బాగానే నడిచాయి. ఒక నెలాఖరున ఆ లాడ్జి అకౌంటెంట్ ఫోన్ చేసి 9 రూపాయల 50 పైసలు తక్కువొస్తోందన్నాడు. వెతికితే, చివర 50 పైసలున్న బిల్లులు 19 ఉన్నాయి. ఆ పైసలు కూడా కత్తెర్లకు పోయాయి. ఫంక్షన్ పేరు చెప్పి సంజాయిషీ ఇచ్చుకున్నాను. పెద్దాయన కాసేపు నవ్వి, "లక్ష్మీదేవికే కత్తెర్లేస్తే ఎట్లా నాయనా" అన్నాడు.

చిత్తూరు నుంచి రోజూ వచ్చిపోయే మా ఆఫీసు అబ్బాయి ఒకడు, అందరం రాసిన కోడ్‌ను ఒకచోట కలిపి ఉంచే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండు షార్ట్‌కట్‌లు పెట్టుకున్నాడు. మన కోడ్‌ను సర్వర్‌కు పంపే పుష్‌కు 'పో'. సర్వర్‌లో ఉన్నదాన్ని మన దగ్గరికి తెచ్చుకునే పుల్‌కు 'రా'. వాళ్లింట్లో సగం తమిళం, సగం తెలుగు. పో రెండు భాషల్లోనూ పో యే, రా మాత్రం తమిళంలో వా అవుతుంది, ఇంట్లో గొడవెందుకని తెలుగే ఉంచానన్నాడు. ఇందులో పనితనం ఎక్కడుందంటే, పక్కవాడు అప్పటికే సర్వర్‌కు ఏదైనా పంపి ఉంటే, ముందు రా అని అది తెచ్చుకోకుండా మనం పో అంటే గిట్ ఒప్పుకోదు, రిజెక్టెడ్ అంటుంది. అంటే పో ముందు, రా తర్వాత కొట్టినవాడికి దొరికేది 'పోరా'. తిట్టు మనకే తగులుతుంది. ఈ రెండక్షరాల జోకు వల్ల మా ఆఫీసులో ముందు పుల్, తర్వాత పుష్ అనే వరస కొత్తవాళ్లకు కూడా మర్చిపోకుండా గుర్తుంటోంది.

బయటివాళ్లు చేసిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇంటర్‌కాల్ అనే భాష. 1972లో ప్రిన్స్టన్‌లో డాన్ వుడ్స్, జేమ్స్ లయన్ అనే ఇద్దరు విద్యార్థులు మిగతా కంప్యూటర్ భాషలను వెక్కిరించడానికి తయారుచేశారు. అందులో ఆజ్ఞల ముందు అక్కడక్కడ 'ప్లీజ్' రాయాలి. ప్లీజ్‌లు తక్కువైతే మర్యాద చాలలేదని ప్రోగ్రామ్‌ను తిప్పి పంపేస్తుంది. ఎక్కువైతే మరీ ఇంత వంగిపోవడమేమిటని అప్పుడూ తిప్పి పంపుతుంది. మొదటి మాన్యువల్‌లో ఈ సంగతి రాయనేలేదు! రాసినవాడు తన ప్రోగ్రామ్‌లో తప్పేముందో తెలియక జుట్టు పీక్కోవాల్సిందే. మా పక్క మాటలో 'అండీ' తక్కువ. అన్నా, సార్ అని పిలిస్తే మర్యాద అందులోనే అయిపోతుంది. మా టెస్టర్‌ది రాజమండ్రి. బగ్ చెప్పినా "క్రాష్ అయిందండి, మళ్లీ అయిందండి" అంటుంది. ప్రోగ్రామ్‌లను అలా తిప్పి పంపే ఇంటర్‌కాల్ కంపైలరే ఉద్యోగం ఇచ్చే చోటయితే మా ఇద్దరికీ రాదు.

పైథాన్ చేసినవాళ్లకు కూడా ఈ వెటకారం ఉంది. ఆ భాషలో కలిసి నడవాల్సిన లైన్ల గుంపులను మీసాల బ్రాకెట్లతో కాక లైను ముందు ఖాళీ వదిలి చూపిస్తారు. సీ, జావా భాషల నుంచి వచ్చినవాళ్లకు ఇది నచ్చదు, బ్రాకెట్లు ఎప్పుడు పెడతారని అడుగుతుంటారు. కొత్త సౌకర్యాలను ముందుగా తెచ్చుకోవడానికి ఫ్యూచర్ అనే మాడ్యూల్ ఒకటి ఉంది. అందులోంచి బ్రేసెస్, అంటే ఆ మీసాల బ్రాకెట్లే, ఇంపోర్ట్ చేయమని అడిగి చూడండి. 'నాట్ ఎ ఛాన్స్' అని సింటాక్స్ ఎరర్ వస్తుంది. మన భాషలో చెప్పాలంటే, కల్లో కూడా జరగదు పో అని.

418 గురించి మీరు విని ఉంటారు. పేజీ దొరకకపోతే 404 వస్తుంది చూడండి, ఆ కుటుంబమే. 1998 ఏప్రిల్ 1న కాఫీ కుండలను ఇంటర్నెట్ ద్వారా నడిపే పద్ధతి అని ఒక ఉత్తుత్తి ప్రమాణం విడుదల చేశారు. టీ కుండను కాఫీ పెట్టమని అడిగితే అది 418 అని, 'నేను టీ కుండను' అని జవాబివ్వాలి. 2017లో దీన్ని సాఫ్ట్‌వేర్ల నుంచి తీసేద్దామన్నప్పుడు జనం ఊరుకోలేదు. ఆ అంకె ఇప్పటికీ ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టి ఉంది. ఎనిమిది మందిలో ఏడుగురం ఫిల్టర్ కాఫీ బ్యాచి అయిన మా ఆఫీసులో, ఆ ఎనిమిదో మనిషి కుర్చీ వెనక 418 అని స్టిక్కర్ ఉంది.

ఎస్ఎల్ గురించి ఒక్క ముక్క. లైనక్స్‌లో ఫైళ్ల జాబితా కోసం ఎల్ఎస్ అని కొట్టాలి. తొందరలో తిరగేసి ఎస్ఎల్ అని కొట్టేవాళ్ల కోసం జపాన్ ప్రోగ్రామర్ ఒకాయన చిన్న ప్రోగ్రామ్ రాశాడు. అది ఉన్న కంప్యూటర్‌లో అలా కొడితే స్క్రీన్ మీద అక్షరాలతో కట్టిన పొగ బండి ఒకటి కుడి నుంచి ఎడమకు మెల్లగా పోతుంది. కంట్రోల్ సీ కొట్టినా ఆగదు. రేణిగుంట పక్క గేటు పడితే ఏం చేస్తాం, బండి పోయేదాకా చూస్తూ నిలబడతాం. అంతే.

ఇక మా కథ. లాడ్జి డేటా మొత్తం తుడిచి మళ్లీ మొదటి నుంచి పెట్టడానికి నేను ఒక ఫంక్షన్ రాసి దానికి 'గోవిందా' అని పేరు పెట్టాను. అలిపిరి మెట్ల దగ్గర గోవిందా అంటే భక్తి. చీటీలు వేసినవాడు రాత్రికి రాత్రి ఊరొదిలి పోయాడని తెలిసినప్పుడు "డబ్బులు గోవిందా" అంటే దాని అర్థం వేరు. నేను రెండో అర్థంలో పెట్టాను. మంచి పేరు పెట్టానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆర్నెల్ల తర్వాత ఒక కొత్త కుర్రవాడు చేరాడు. మొదటి ఉద్యోగం, బుద్ధిమంతుడు, పొద్దున వచ్చి బొట్టు సర్దుకుని గానీ కీబోర్డు ముట్టడు. బ్రహ్మోత్సవాల రోజులకు రూమ్ రేట్లు మార్చే స్క్రిప్టు రాయమన్నాను. ఫంక్షన్ల జాబితా తిరగేస్తుంటే వాడికి గోవిందా కనపడింది. స్క్రిప్టులో మొట్టమొదటి లైనుగా దాన్ని పెట్టాడు. కంప్యూటర్ కూడా ఏమీ అనకుండా చెప్పింది చెప్పినట్టు చేసింది.

సాయంత్రం ఏడింటికి నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, రేట్లు ఎక్కినాయి. రూములే కనపడ్డం లేదు."

"ఎన్ని పోయినాయి?"

"అన్నీ అన్నా."

స్క్రీన్ చూశాను. మొదటి లైను చూడగానే అర్థమైపోయింది. ఎందుకు పెట్టావురా అంటే, "పని మొదలుపెట్టేటప్పుడు స్వామి పేరు తలుచుకునే పద్ధతి పెట్టుండారేమో అనుకున్నానన్నా" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అనుకున్నాడు. వాణ్ణి ఏమని తిట్టాలి? శ్లేషలో ఉన్న రెండర్థాల్లో వాడికి మంచిదే తెలిసింది, నేను చెడ్డది పెట్టుకుని కూర్చున్నాను.

అది అసలు లాడ్జిది కాదు, డెమో డేటా, అంతవరకు అదృష్టం. కానీ మర్నాడు పది గంటలకు దాన్నే ఒక లాడ్జి ఓనర్‌కు చూపించాలి. 46 రూములు, ఫొటోలు, రేట్లు, అన్నీ నాలుగు రోజులు కూర్చుని ఎక్కించినవి. డెమోదే కదా అని బ్యాకప్ కూడా తీయలేదు, ఆ తప్పూ నాదే. ఇద్దరం రాత్రి మూడింటి దాకా మళ్లీ ఎక్కించాం. మధ్యలో లీలామహల్ సర్కిల్ దాకా పోయి ఇడ్లీ తిని వచ్చాం. డెమో గడిచిపోయింది. రూము నంబరు 312కు 213 ఫొటో పడింది, ఓనర్ గమనించలేదు.

ఆ తర్వాత నా కోడ్‌లో ఒక నియమం వచ్చింది. చదివే పనులకు, చూపించే పనులకు ఎంత చమత్కారమైనా పెట్టుకోవచ్చు. తుడిచే పనికి, డబ్బు పనికి మాత్రం పేరు చప్పగా ఉండాలి. మూడు_కత్తెర్లు ఇప్పుడు 'పైసలు_లేకపోతే_తీసేయి' అయింది. గోవిందా పేరు 'డేటా_మొత్తం_తుడిచేయి' అని మార్చమని ఆ కుర్రవాడికే చెప్పాను. మార్చాడు. మార్చి, దాని పైన కంప్యూటర్ పట్టించుకోని, మనుషుల కోసం రాసే కామెంట్ ఒకటి కూడా రాశాడు: "ఇక్కడ గోవిందా అనకండి. మనసులో అనుకోండి."

జరగండి మాత్రం అట్లే ఉంది.