మేడమ్‌ని అడగండి: మిల్లు పాఠం ఎలా చెప్పాలి?

ప్రశ్న: పదో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతాను. ఉత్పత్తి, ఉపాధి పాఠంలో వ్యవసాయం, పరిశ్రమలు, సేవల పట్టికలు పిల్లలు బట్టీ పడుతున్నారే తప్ప బుర్రకెక్కడం లేదు. మా ఊరి ఆజంజాహి బట్టల మిల్లు గురించి చెబుదామనుకుంటే, మూతపడ్డ మిల్లు సంగతి చెప్పి పిల్లలకి టెన్షన్ పెట్టడం ఎందుకని తోటి టీచర్లు అంటున్నారు. మీరేమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: చెప్పండి మాస్టారూ, తప్పకుండా చెప్పండి. రోజూ లేబర్ కాలనీ మీదుగా ట్యూషన్‌కి వెళ్లే పిల్లలు వాళ్లు. అక్కడ లేబర్ ఎవరో, ఎందుకొచ్చారో తెలిస్తే భయపడరు, ఇంకా అడుగుతారు.

కాకపోతే ఈ పాఠాన్ని రెండు రకాలుగా పాడుచేస్తుంటారు. కొందరు ‘ఆ రోజులే వేరు’ అని నిట్టూరుస్తారు. కొందరు ‘దేశం ఎదిగేకొద్దీ జనం పొలం నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి ఆఫీసుకి వెళతారు’ అని అప్పజెప్పేస్తారు. మన దేశంలో అలా జరగలేదు కదండీ! పనిచేసేవాళ్లలో ఈనాటికీ సుమారు 45 శాతం మంది వ్యవసాయంలోనే ఉన్నారు. తయారీ రంగంలో ఉన్నది 11, 12 శాతమే.

మొదటి పీరియడ్‌లో ఒక్క చిక్కు ప్రశ్న వేయండి. వరంగల్ చుట్టూ పత్తి పండుతుంది. సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ ముందు బండ్లు బారులు తీరతాయి. ఇంత పత్తి పెట్టుకుని, 1934లో నిజాం పెట్టించిన బట్టల మిల్లు 2002లో ఎందుకు మూతపడింది? పిల్లల్ని ఊహించనివ్వండి. ‘నష్టం వచ్చింది సార్’ అంటారు. అక్కడ వదలొద్దు, నష్టం ఎందుకొచ్చిందో అడగండి. ప్రభుత్వ సంస్థ నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వచ్చేనాటికే మిల్లు పాతబడింది. యంత్రాలు మార్చాలంటే పెట్టుబడి కావాలి. ఈలోగా పాలిస్టర్ వచ్చింది, పవర్‌లూమ్‌లు (కరెంటు మగ్గాలు) పెరిగాయి. మిల్లు కార్మికుడికి పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్ ఇవ్వాలి. పవర్‌లూమ్ షెడ్డులో చాలాచోట్ల అవేవీ ఉండవు, అందుకే ఆ గుడ్డ చవక. మన జిల్లా నేతవాళ్లు ఎంతోమంది భీవండికీ, సూరత్‌కీ వెళ్లి ఆ షెడ్లలోనే నేశారు. అంటే గుడ్డ నేయడం ఆగిపోలేదు. నేసే చోటు మారింది, నేసేవాడికి ఉన్న భరోసా పోయింది. పిల్లలకి పట్టాల్సింది ఇదే. ఏ రంగంలో ఎంతమంది అన్నది పరీక్షకి సరిపోతుంది, ఆ పని ఎలాంటి షరతుల మీద దొరుకుతుందన్నది బతుక్కి కావాలి.

తర్వాత ఇంటికి ఒక కాగితం ఇచ్చి పంపండి. తాతల తరం, అమ్మానాన్నల తరం, అన్నా అక్కల తరం, మూడు గడులు. ఏం పని చేసేవాళ్లని మాత్రమే రాస్తే లాభం లేదు. పనిలో ఎవరు పెట్టుకున్నారు? జీతం నెలకా, రోజుకా, పీసుకా? జబ్బు చేస్తే డబ్బు వస్తుందా? రేపట్నుంచి రావద్దంటే ఎవర్ని అడగాలి? ఈ చివరి ప్రశ్న దగ్గరే క్లాసు అసలు పాఠంలోకి వస్తుంది. మిల్లు తాతకి యూనియన్ ఉండేది, లేబర్ ఆఫీసు ఉండేది. ఫుడ్ డెలివరీ చేసే అన్నకి యాప్‌లో ఐడీ బ్లాక్ అయితే, ఎదురుగా నిలబడి అడగడానికి మనిషే కనపడడు.

అమ్మ గడిలో అందరూ ‘హౌస్‌వైఫ్’ అని రాసుకొస్తారు, చూడండి. వెనక్కి పంపండి. ఇంట్లో కూర్చుని వెయ్యికి ఇంతని బీడీలు చుట్టే అమ్మలు, మిషన్ కుట్టే అమ్మలు మీ క్లాసులోనూ ఉంటారు.

కాగితం మీద పేర్లు వద్దు. వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) డబ్బులు ఏమయ్యాయని అడగనివ్వొద్దు, కొన్ని ఇళ్లలో అది ఇంకా తెగని గొడవే. పాత కార్మికుణ్ని బడికి పిలవాలనుకుంటే యూనియన్ నాయకుణ్ని పిలవకండి, పీరియడంతా ఆయన ఉపన్యాసానికే సరిపోతుంది. ఎక్కడైనా మిల్లులో బదిలీ కార్మికుడిగా చేసినవాణ్ని వెతకండి. పర్మనెంట్ మనిషి రాని రోజే పని దొరికేది వాళ్లకి. గేటు దగ్గర నిలబడి, పిలుపు లేక వెనక్కొచ్చిన రోజుల గురించి చెబితే, పాతకాలమంతా బంగారమేం కాదని మీరు వేరే చెప్పక్కర్లేదు.

గీసుకొండ, సంగెం దగ్గర 2017లో శంకుస్థాపన చేసిన టెక్స్‌టైల్ పార్కు గురించి ఎవరో ఒకరు అడుగుతారు. ‘మళ్లీ మంచి రోజులొచ్చాయి’ అని తేల్చేయకండి. అక్కడి ఉద్యోగాలకీ ఆ నాలుగు ప్రశ్నలే వేయించండి. సిలబస్ అవలేదని హెడ్‌మాస్టరు గారు అంటే, ప్రాజెక్టు పని కింద చూపించండి.

ప్రశ్న: మా తాతయ్య సింగరేణిలో చేశారు. బొగ్గు ఉత్పత్తి పెరిగిందంటారు, ఉద్యోగాలు తగ్గాయంటారు. రెండూ ఎలా నిజమవుతాయి మేడమ్?
– ఇంటర్ విద్యార్థిని, మంచిర్యాల

జవాబు: రెండూ నిజమేనమ్మా. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదివేల మందికి పైగా ఉండేవాళ్లు, ఏడాదికి తీసే బొగ్గు దాదాపు 2 కోట్ల టన్నులే. 2022-23లో తీసింది 6.7 కోట్ల టన్నులు, కార్మికులు 40 వేల పైచిలుకు. మీ తాతయ్య రోజుల్లో భూమి లోపల తట్టా చెమ్మస్‌తో (గంప, పారతో) బొగ్గు టబ్బులు నింపేవాళ్లు. ఆ పనిలోకి యంత్రాలు వచ్చాయి. అంతకంటే ముఖ్యం, బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్‌ల (పైనుంచి తవ్వే గనుల) నుంచి వస్తోంది. పైన ఉన్న మట్టిని తవ్వి పోసే పని చాలావరకు కాంట్రాక్టు కంపెనీలది. ఆ డంపర్ డ్రైవర్లు పనిచేసేది సింగరేణి గనిలోనే అయినా సింగరేణి లెక్కలో ఉండరు. కాబట్టి తగ్గిన ఉద్యోగాలన్నీ యంత్రాలే మింగాయనుకోకు, కొన్ని వేరే రిజిస్టర్‌లోకి వెళ్లాయి.

నేను గోదావరిఖనిలో ఎకనామిక్స్ చెప్పే రోజుల్లో వెనక బెంచీ అబ్బాయిలకి పాఠమంటే లెక్కే లేదు. సింగరేణిలో నాన్న ఉద్యోగం వారసులుగా తమకే వస్తుందని ధీమా. నాకు కోపం వచ్చేది గానీ, అప్పటికి వాళ్ల లెక్క తప్పేం కాదు.

తాతయ్యని కూర్చోబెట్టి, ఒక షిఫ్టులో తను ఎన్ని టబ్బులు నింపేవాడో, పక్కన ఎంతమంది ఉండేవాళ్లో అడిగి రాసి పంపు. వచ్చే నెల వేస్తాను.