ఆగస్టు దాకా సాగిన క్రిస్మస్

బుజ్జీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. "ఈసారి క్రిస్మస్ ఖర్చు తగ్గించుకుందామని ఉంది పెద్దమ్మా, కానీ పిల్లలు చిన్నబుచ్చుకుంటారేమో, చుట్టాలు ఏమనుకుంటారో" అన్నావు. రెండు భయాల్నీ కలిపేసి రాశావు గానీ, అవి రెండూ ఒకటి కాదమ్మా. పిల్లల ముచ్చట కొద్ది డబ్బుతో తీరుతుంది. చుట్టాల నోరు ఎంత పోసినా మూతపడదు. ఈ తేడా నాకు తెలిసేసరికి మీ పెద్దనాన్న జీతాలు ఎన్ని కరిగిపోయాయో!

ఫోన్లో చెప్తే సగం నువ్వు మర్చిపోతావు, మిగతా సగం అల్లుడిగారికి చెప్పేటప్పుడు మారిపోతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు నా భాగోతం విను. కొత్త ఇంట్లోకి మారిన ఏడాది అది. అందర్నీ పిలవాలి, అందరూ చూడాలి, అదీ నా యావ. తలుపు కన్నా ఎత్తైన చెట్టు, దానికి సరిపడా అలంకారం, పెద్దా చిన్నా తేడా లేకుండా ప్రతి ఒక్కరికీ బహుమతి. చేతిలో డబ్బు అయిపోతే కార్డు, కార్డు మీద భారం ఎక్కువైతే వాయిదాలు. ఆఖరి వాయిదా ఆగస్టులో కట్టాను. అప్పటికి ఆ వాయిదాల్లో కొన్న బొమ్మ కారుకు చక్రాలు లేవు, మంచం కింద దుమ్ములో పడుంది.

అసలు దెబ్బ అది కాదు. మళ్ళీ డిసెంబరు వచ్చింది. "పోయినసారి పండగలో నీకేం గుర్తుందే?" అని మీ అక్కని అడిగాను. దానికప్పుడు ఏడేళ్ళు. చెట్టు అంటుందనుకున్నాను, బొమ్మ అంటుందనుకున్నాను. అది కాసేపు ఆలోచించి, "రాత్రి నువ్వూ నాన్నా వంటింట్లో మెల్లగా పోట్లాడుకున్నారు, నేను నిద్రపోలేదు" అంది. మేం పోట్లాడుకున్నది బిల్లు గురించే. దాని కోసమని చేసిన పండగలో దానికి మిగిలింది ఆ గుసగుసలు.

ఆ రాత్రే ఒక నోటుబుక్కు తీశాను. ఇప్పటికీ ఉంది, అట్ట ఊడిపోయింది. అందులో నేను రాసుకున్నది చాలా చిన్న పని, నువ్వూ అదే చెయ్యి. పోయిన క్రిస్మస్‌కి దేనికి ఎంత పెట్టావో గుర్తున్నంతలో రాయి. ఒక్కో దాని పక్కన "ఇది లేకపోతే ఎవరు వెతుకుతారు?" అని రాసి, పేరు పెట్టు. పిల్లల పేరు రావచ్చు, మీ అత్తగారి పేరు రావచ్చు, నీ పేరే రావచ్చు, తప్పేం లేదు. ఏ పేరూ తోచకపోతే అది కొట్టెయ్. నా బుక్కులో మొదటి ఏడాదే దాదాపు సగం వరసలకి పేరు దొరకలేదు. బహుమతుల మీద మెరుపు కాగితం, గుమ్మానికి మూడో దండ, వచ్చినవాళ్ళు ముట్టని నాలుగో రకం తీపి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ ఊపులో నేను ఇంకో తప్పు చేశాను. అటకమీదున్న నక్షత్రాన్ని కూడా దించలేదు, "దాని బల్బు మార్చాలి, ఎందుకూ దండగ" అని. చిన్నోడు ప్రతి సాయంత్రం గుమ్మంలోకి వెళ్ళి పైకి చూసి వచ్చేవాడు. మూడో రోజు మీ పెద్దనాన్న నాతో మాట కూడా చెప్పకుండా బల్బు తెచ్చి వెలిగించాడు. ఒక్క బల్బు! పొదుపు అనుకుని పిసినారితనం చేశాను. అందుకే పేరు రాయమంటున్నాను. నక్షత్రం పక్కన చిన్నోడి పేరు రాసుంటే నేను ఆ పని చేసేదాన్ని కాదు.

ఇక డబ్బు సంగతి. జాబితా రాసి మొత్తం వేస్తారు అందరూ. నువ్వు మొత్తం ముందు వెయ్యి. జనవరిలో అద్దె, ఫీజులు, రోజువారీ ఖర్చు ఏదీ కదలకుండా ఎంత తియ్యగలవో అంతే పండగ డబ్బు. అది నోట్లుగా తీసి ఒక కవర్లో పెట్టు. కార్డు గీసినప్పుడు తెలియని బాధ కవరు పలచబడుతుంటే తెలుస్తుంది. ఈ ఏడాదికి అది చాలు. వచ్చే జనవరి నుంచి మాత్రం ఆ మొత్తాన్ని పన్నెండుతో భాగించి నెలనెలా పక్కన పడెయ్. ఇదేం నా కనిపెట్టుడు కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్‌లో ఒక బ్యాంకు 1909లోనే క్రిస్మస్ క్లబ్ అని పెట్టింది. జనం వారం వారం కొద్దికొద్దిగా వేసుకుని, పండగ ముందు తీసుకునేవాళ్ళు. బ్యాంకు అక్కర్లేదులే, డబ్బా చాలు, అల్లుడిగారి కంట పడకుండా దాస్తే.

వాయిదాల జోలికి పోకు. నెలకు 3 శాతం వడ్డీ అంటే చెవికి చిన్నగా వినిపిస్తుంది. వంద అప్పు కట్టకుండా వదిలేస్తే ఏడాది తిరిగేసరికి 142 దాటుతుంది. వచ్చే క్రిస్మస్ డబ్బులో సగానికి దగ్గర్లో ఈ క్రిస్మస్ వడ్డీయే తినేస్తుందన్నమాట. ఫోన్లో నీ కార్డు నంబరు దాచిపెట్టి ఉంటే ఇవాళే తీసెయ్. కొనాలనిపించిన ప్రతిసారీ లేచి వెళ్ళి పర్సు తెచ్చుకుని, నంబరు చూసి కొట్టాల్సి వస్తే, సగం కోరికలు ఆ నడకలోనే పోతాయి. సగం ధర ఆఫర్లంటావా, జాబితాలో లేని వస్తువు సగం ధరకి కొంటే సగం మిగలదు, సగం పోతుంది.

బహుమతులు. ఇక్కడే కొంచెం ఎక్కువసేపు కూచోబెడతాను నిన్ను, ఎందుకంటే నీ ఖర్చు కారేది ఈ చిల్లులోంచే.

జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అని అమెరికాలో ఒక ఆర్థికశాస్త్రవేత్త ఉన్నాడు. 1993లో ఆయన ఒక పరిశోధన అచ్చువేశాడు. క్రిస్మస్ బహుమతులు అందుకున్న విద్యార్థుల్ని పట్టుకుని, ఇచ్చినవాళ్ళు దానికి ఎంత పెట్టి ఉంటారు, నీ దృష్టిలో దాని విలువ ఎంత అని అడిగాడు. పెట్టిన ధరలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఎవరికీ అందకుండా గాలికి పోతోందని తేల్చాడు. స్నేహితులు ఇచ్చినవాటిలో నష్టం చాలా తక్కువట. తాతలు, అమ్మమ్మలు, బాబాయిలు, పిన్నులు ఇచ్చినవాటిలోనే ఎక్కువట. అంటే నాలాంటి పెద్దమ్మలు ఇచ్చేవే పెద్ద దండగ! చదివి నవ్వుకున్నాను గానీ, నేను నీకిచ్చిన ఆ పింగాణీ పూలకుండీ ఎక్కడుందో నేనెప్పుడూ అడగలేదు, గమనించావా?

మీ ఇంట్లో అన్ని పక్కలా కలిపితే పెద్దవాళ్ళు ఎనిమిదిమంది. ఒక్కొక్కరూ మిగతా ఏడుగురికి ఇస్తే 56 బహుమతులు. చీటీలు వేసి ఒక్కొక్కరికి ఒక్క పేరు వస్తే 8. ఆ ఎనిమిదిలో ఒక్కోదాని గురించీ నెల రోజులు ఆలోచించొచ్చు, అవతలి మనిషికి నిజంగా ఏం కావాలో కనుక్కోవచ్చు. భార్యకి భర్త పేరు వస్తే మళ్ళీ తీయించు.

చెప్పడమే కష్టం, నాకు తెలుసు. నవంబరు దాటనివ్వకు. అవతలివాళ్ళు నీ కోసం కొనేశాక "ఈసారి వద్దులే" అంటే అది పొదుపు కాదు, అవమానం. ఎవరికి ముందు చెప్పాలో కూడా చూసుకో. ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఖర్చుపెట్టే మనిషికి కాదు, అందరికన్నా ఇబ్బందిపడే మనిషికి. నేను మా చిన్న తోడికోడలికి చెప్పాను. "ఈసారి మాకు కొంచెం కటకటగా ఉందమ్మా, పెద్దవాళ్ళందరం చీటీలు వేసుకుందామా, పిల్లలకి మాత్రం ఎవరికి తోచింది వాళ్ళు ఇద్దాం" అన్నాను. కటకట నాదేనని చెప్పుకున్నాను, ఆవిడది అనలేదు. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అక్కా, నేనే ఎలా చెప్పాలా అని మూడేళ్ళనుంచి చూస్తున్నా" అంది. మూడేళ్ళూ ఒకరి పరువు కోసం ఒకరం అప్పు చేస్తున్నాం!

పిల్లలకి ఒక్కటి, వాళ్ళు నిజంగా అడిగింది. ఎంత చిన్న పిల్లలకైనా పది ఇస్తే ఆ రోజు విప్పడమే సరిపోతుంది, ఆడుకోవడానికి పొద్దు ఉండదు. చుట్టే కాగితానికి డబ్బు పెట్టకు. పాత క్యాలెండర్ షీటు తిరగేసి చుట్టి, దారం కట్టి, దాని మీద పిల్లల చేతే బొమ్మ వేయించు. మా ఇంట్లో ఇచ్చే వస్తువుతో పాటు చేత్తో రాసిన నాలుగు వాక్యాలు ఉండాలని నియమం. ఏడాదిలో ఆ మనిషి నీకు చేసిన ఒక పని గురించి రాయాలి. మీ పెద్దనాన్న ఒకసారి బల్బు సంగతి రాశాడు నాకు. ఆ కాగితం నోటుబుక్కులోనే ఉంది.

అలంకరణ గురించి పెద్దగా చెప్పను. ఉన్నది మళ్ళీ వాడు, అంతే. దీపాల తీగను అట్టముక్కకి చుట్టి దాచు, ఉండలా చుట్టి పడేస్తే వచ్చే ఏడాది విసుగుపుట్టి కొత్తది కొంటావు. గాజు గుండ్లు గుడ్ల అట్టల్లో పెట్టు. పాత రకం బల్బులు ఉంటే అవి పోయేదాకా ఆగి ఎల్‌ఈడీవి తెచ్చుకో, కరెంటు చాలా తక్కువ తాగుతాయి. క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలకి వెలిగించే నాలుగు కొవ్వొత్తుల ఆగమన చక్రం నీకు ఇష్టం కదా, కొనకు. దాని పుట్టుకే బీదరికంలోంచి. జర్మనీలో హాంబర్గ్‌లో బీద పిల్లలకి ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిక్ విఖర్న్ అనే పాస్టరుగారు, క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ అడుగుతుంటే, 1839లో ఒక పాత బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలబెట్టాడు. మామూలు రోజులకి చిన్నవి, నాలుగు ఆదివారాలకి పెద్దవి, రోజుకొకటి వెలిగించడం. లెక్క తెలిసింది, ఎదురుచూపూ పండగే అయింది. ఇంట్లో ఒక పళ్ళెం, నాలుగు కొవ్వొత్తులు, కాస్త పచ్చటి ఆకు చాలవూ?

భోజనాలు మాత్రం తల లెక్కపెట్టి వండు. నేను ఒకసారి ముప్పైమందికి వండితే పదిహేడుమంది వచ్చారు. మూడు రోజులు అదే తిన్నాం, నాలుగో రోజు పారబోశాం. ఇప్పుడు రెండు రోజుల ముందు ఫోన్ చేసి, "ఎంతమంది వస్తున్నారు, ఏం తెస్తున్నారు" అని కలిపే అడుగుతాను. ముందు సిగ్గుపడ్డాను. తర్వాత చూస్తే, చేతిలో గిన్నెతో వచ్చినవాళ్ళు ఇంట్లో మనుషుల్లా వంటింట్లోకి వస్తారు, ఖాళీ చేతులతో వచ్చినవాళ్ళు ముందుగదిలో అతిథుల్లా కూచుంటారు. నాకు మొదటిరకమే ఇష్టం. అందరూ ఇరవై అయిదునే రావాలని కూడా లేదు. జనవరి 6 దాకా పండగ రోజులే. దూరపువాళ్ళని ఇరవై అయిదు తర్వాతి రోజుల్లో పిలువు, ప్రయాణం రద్దీ తగ్గుతుంది, నీకూ ఊపిరాడుతుంది.

ఒక్కదాన్ని మాత్రం కోయకు. కవర్లోంచి మొదట తియ్యాల్సింది లేనివాళ్ళ వాటా. ఖర్చు తగ్గించాలనుకోగానే ముందు చెయ్యి అక్కడికే పోతుంది, ఎందుకంటే వాళ్ళు వచ్చి అడగరు. సాంతా క్లాజ్ అని మనం పిలిచేది నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా అనే ఊళ్ళో బిషప్‌గా ఉన్న నికొలాసునే. ముగ్గురు కూతుళ్ళకి పెళ్ళి చెయ్యలేని తండ్రి ఇంట్లోకి రాత్రిపూట ఎవరికీ కనపడకుండా బంగారం మూటలు వేశాడని ఆయన కథ. ఎవరికీ కనపడకుండా అన్న ముక్క మనం మర్చిపోయాం, ఎర్ర టోపీ మాత్రం గుర్తుంది.

చుట్టాలు ఏమనుకుంటారో అన్న భయం ఇంకా పోకపోతే, లూకా సువార్త రెండో అధ్యాయం 24వ వచనం తియ్యి. గొల్లల దగ్గరే ఆపేస్తాం మనం, కొంచెం ముందుకెళ్ళు. బిడ్డను దేవాలయానికి తీసుకెళ్ళినప్పుడు మరియ, యోసేపు ఇచ్చిన అర్పణ ఏమిటి? గువ్వల జత గానీ రెండు పావురం పిల్లలు గానీ అని ఉంది. ఇప్పుడు లేవీయకాండం 12:8 చూడు. గొర్రెపిల్లను తేలేని తల్లికి ఇచ్చిన వెసులుబాటు అది. అందరి ముందూ, దేవాలయంలో, తమ తాహతు ఎంతో అంతే చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు వాళ్ళు. గొర్రెపిల్ల కోసం అప్పు చెయ్యలేదు.

చీటీల్లో నా పేరూ మీ పెద్దనాన్న పేరూ కూడా వెయ్యి, అప్పుడు పదిమంది అవుతాం. నా పేరు నీకే వస్తే ఆ పూలకుండీ మాత్రం చుట్టి ఇవ్వకు. ఇంకోటి, దీపాల తీగ కాలిపోయింది, కొత్తది చూస్తున్నానన్నావు కదా. ఆగు. నా దగ్గర రెండోది అట్టముక్కకి చుట్టి ఉంది, వచ్చేటప్పుడు తెస్తాను.

దీవెనలతో,
మీ పెద్దమ్మ