విక్టోరియా బ్యాటరీలో నేర్చుకున్న పని

పాత బంగారు మిల్లు శిథిలాలను స్వచ్ఛంద కార్యకర్తలు ఎలా కాపాడతారు, అందుకు ఇంజనీరింగ్ తెలిసి ఉండాలా, అంత శ్రమ పడేవారు మిల్లునే మళ్ళీ ఎందుకు కట్టరు అని మీరు అడిగారు. న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో ఉంటూ, వైకినో దగ్గర ఉన్న విక్టోరియా బ్యాటరీలో కొన్నాళ్ళపాటు సెలవు రోజుల్లో పనిచేసిన అనుభవంతో జవాబు రాస్తున్నాను.

ఖనిజాన్ని దంచే మిల్లును అక్కడ బ్యాటరీ అంటారు. వైహీలోని మార్తా గనిలో తవ్విన పలుగురాయిని చిన్న రైలు మీద ఇక్కడికి తెచ్చి, 200 ఇనుప రోకళ్ళతో పిండిగా దంచి, ఆ పిండిలోని బంగారాన్ని సైనైడ్ ద్రావణంలో కరిగించి వేరుచేసేవారు. 1897లో కట్టడం మొదలుపెట్టిన ఈ మిల్లు ఆస్ట్రలేషియాలోకెల్లా, అంటే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రాంతమంతటిలోనూ, పెద్దదిగా ఉండేది. 1952లో గని మూతపడ్డాక యంత్రాలను విప్పి తరలించారు. కాంక్రీటు పునాదులు, సైనైడ్ తొట్టెలను మోసిన దిమ్మెలు, తొలినాళ్ళలో ఖనిజాన్ని కాల్చిన బట్టీలు, వాటి కింది సొరంగాలు మాత్రం మిగిలాయి. వీటి బాగోగులను విక్టోరియా బ్యాటరీ ట్రామ్‌వే సొసైటీ సభ్యులు చూసుకుంటున్నారు.

మళ్ళీ కట్టకపోవడమే సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. ఏ తొట్టె ఎక్కడుండేదో, దంచిన పిండి ఏ వాలుగుండా ఎటు జారేదో ఆ దిమ్మెల వరుసను చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. వాటి మీద కొత్త కట్టడం లేపితే ఆ ఆనవాళ్ళే చెరిగిపోతాయి. అందువల్ల అక్కడ జరిగే పనిలో ఎక్కువ భాగం నీటితోనూ మొక్కలతోనూ పోరాటమే. వాన ఎక్కువగా పడే ఆ లోయలో మురుగు కాలువ ఒక్కటి పూడినా నీరు గోడ వెనుక నిలిచిపోతుంది. పగుళ్ళలోకి దిగిన నీటికి లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బిన ఇనుము కాంక్రీటును పెచ్చులుగా రాల్చేస్తుంది.

మొదటి నెలలో నేనొక తప్పు చేశాను. గోడ పగులులో మొలిచిన మొక్కను, మన పెరట్లో కలుపు పీకినట్టే, వేళ్ళతో సహా లాగేశాను. దానితోపాటు అరచేయంత కాంక్రీటు ముక్క ఊడి వచ్చింది. నూరేళ్ళు నిలిచిన అంచు నా చేతిలో విరిగినందుకు చాలా బాధపడ్డాను. పక్కనే పనిచేస్తున్న పెద్దాయన కోప్పడలేదు. మొక్కను మొదలంటా కోసి, ఆ కోతకు కలుపు మందు రాసి, వేరును అక్కడే ఎండిపోనివ్వాలని చేసి చూపించారు. అప్పటినుంచి ఏ మొక్కనైనా ముందు చుట్టూ తిరిగి చూశాకే ముట్టుకుంటున్నాను.

ఇంజనీరింగ్ చదివి ఉండనక్కర్లేదు. ఏ గోడకైనా మరమ్మతు అవసరమైతే నిపుణులు చూసి చెప్పేదాకా ఎవరూ చేయి వేయకూడదు. మిగిలిన పనికి ఓపిక చాలు. సందర్శకులకు వివరించడం కూడా పనిలో భాగమే. అప్పుడు బంగారం గొప్పతనంతో ఆపేయకుండా, మిల్లుల వ్యర్థాలను మోయడానికి ఒహినెమురి నదిని 1895లో ప్రభుత్వమే బురద కాలువగా ప్రకటించిందనీ, ఆ ఒండ్రు పేరుకుని దిగువనున్న పైరోవా పట్టణం వరదల పాలైందనీ తప్పకుండా చెప్పేవాడిని. ఒకసారి ఆక్లాండ్ నుంచి వచ్చిన తెలుగు కుటుంబంలోని అమ్మమ్మగారు, కుప్పం వైపు ఆవిడ, ఇదంతా విని, తమ నాన్నగారు కోలారు గనుల్లో పనిచేశారనీ, అక్కడి సైనైడ్ దిబ్బల మీదనుంచి లేచే దుమ్ము ఇళ్ళలోకి వచ్చేదనీ చెప్పారు. ఆ రోజు నేను చెప్పినదానికంటే ఆవిడ దగ్గర విన్నదే ఎక్కువ.

మీరు చేరదలిస్తే పాత బూట్లు, మందపాటి చేతి తొడుగులు తెచ్చుకోండి. సైనైడ్ వాడిన నేల కాబట్టి చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి. మొదటి రోజు పని అడిగే ముందు, ఏ గోడను ముట్టుకోకూడదో అడగండి.