కొత్త హెచ్‌ఓడీ గారికి: ముందు పీజీల డ్యూటీ చూడండి

మేడమ్, మెడికల్ కాలేజీలో హెచ్‌ఓడీ (విభాగాధిపతి) అయి మూడు నెలలైనా సీనియర్ ప్రొఫెసర్లు మాట వినట్లేదు, పీజీలు (పీజీ చదువుతూ వార్డుల్లో పనిచేసే డాక్టర్లు) 36 గంటలు ఏకబిగిన చేస్తున్నారు అన్నారు కదా. సర్క్యులర్ వేయకండి. జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2023 పీజీ నిబంధనల్లో వారానికో సెలవు, ఏడాదికి కనీసం 20 క్యాజువల్ లీవులు ఉన్నాయి. ఆ కాగితంతో ఒక్కో యూనిట్ చీఫ్‌తో, అంటే యూనిట్ నడిపే సీనియర్ ప్రొఫెసర్‌తో, విడిగా కూర్చోండి. అందరి ముందు అడిగితే ఎవరూ దిగిరారు.

ఇంకోటి, డ్యూటీ అప్పగింత, అంటే షిఫ్టు మారేటప్పుడు రోగుల పరిస్థితి తర్వాతి డాక్టరుకి చెప్పడం. మా మెడిసిన్‌లో ఒకసారి నైట్ పీజీ కళ్లు మూతలు పడుతూ ‘బెడ్ 14 స్టేబుల్’ అని చెప్పి వెళ్లిపోయాడు. రక్తంలో పొటాషియం 6.8, అంటే ప్రాణం మీదికి తెచ్చేంత ఎక్కువ, ఉన్న రిపోర్టు కేస్‌షీట్‌లో మడతపెట్టి ఉంది! సిస్టర్ చూసింది కాబట్టి మనిషి బతికాడు. మర్నాటి నుంచి పొద్దున 8కి నేనే వార్డులో నిలబడి, పడక పడకకీ అప్పగింత చేయించాను. పది రోజులకి సీనియర్లూ రావడం మొదలుపెట్టారు. మీరూ రేపటి నుంచే వెళ్లండి మేడమ్.