గేటు లోపలి పోర్టల్ ఎవరిది?

ఫోనులోని మ్యాపు చూసుకుంటూ ఊళ్లో తిరిగి ఆడే ఇంగ్రెస్, పోకెమాన్ గో ఆటల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని ఎంచుకున్నాం. విగ్రహాలు, ఫౌంటెన్ల వంటి నిజమైన చోట్లే ఈ ఆటల్లో స్థానాలు. ఇంగ్రెస్‌లో వాటిని పోర్టళ్లంటారు. పోకెమాన్ గోలో ఆట సామాను దొరికే చోటు పోకీస్టాపు, పోకెమాన్లు పోరాడే చోటు జిమ్. అందరికీ ప్రవేశం లేని చోటు ఆటలో భాగమైతే ఏం చేయాలన్నదే ఈ మూడింటిలోని చిక్కు.

ప్రశ్న: నేను కొన్నేళ్లుగా ఇంగ్రెస్ ఆడుతున్నాను. పోర్టళ్ల కోసం పోటీపడే రెండు జట్లలో నాది పచ్చజట్టు, అంటే ఎన్‌లైటెండ్; ఎదుటిది నీలిజట్టు. మా పేట పక్కనున్న ఒక గేటెడ్ కమ్యూనిటీలో క్లబ్‌హౌస్ ముందరి ఫౌంటెన్ ఒక పోర్టల్. అక్కడ కాపురముండే నీలిజట్టు ఆటగాడొకరు దాన్ని నెలల తరబడి పట్టుకుని, అక్కడి నుంచి వేరే పోర్టళ్లకు లింకులనే గీతలు వేసి, మూడు పోర్టళ్ల మధ్య ఏర్పడే త్రికోణాన్ని, అంటే ఫీల్డును, మా వీధులన్నిటి మీదా కప్పేశారు. మొన్న రాత్రి ప్రహరీ గోడ పక్కన నిలబడి చూస్తే ఫోనులో దూరం 62 మీటర్లని చూపించింది. ఇంతలో వాచ్‌మన్ వచ్చి ఎవరింటికని అడిగాడు. ఏం చెప్పాలో తోచక వెనక్కి వచ్చేశాను. బయటివాళ్లకు అందని చోటు ఆటలో ఉండటం న్యాయమేనా? ఆ ఫౌంటెన్ అక్కడ లేనే లేదని ఫిర్యాదు చేసి పోర్టల్‌ను తీయించేద్దామని మా జట్టులో కొందరు అంటున్నారు.
— ఒక ఏజెంటు, హైదరాబాద్

జవాబు: ముందు చివరి మాటకే జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలినదంతా ఎలా ఉన్నా అది మాత్రం చేయకూడని పని. ఫౌంటెన్ ఉన్నది. ఉన్నదాన్ని లేదని రాయడం అబద్ధపు ఫిర్యాదు అవుతుంది, దానికి మీ ఖాతా మీద చర్య తీసుకునే అవకాశమూ ఉంది. పైగా ఆ చోటు ఒక్క ఇంగ్రెస్‌కే చెందినది కాదు. ఇంగ్రెస్ ఆటగాళ్లు 2012 నుంచి పోగుచేసిన స్థలాల పట్టిక మీదే 2016లో పోకెమాన్ గో పోకీస్టాపులూ జిమ్ములూ వెలిశాయి కాబట్టి, మీరు ఒక పోర్టల్ మీద కోపంతో తీయించిన చోటు ఆ కమ్యూనిటీలో సాయంత్రం పూట ఆడుకునే పిల్లలకు కూడా లేకుండా పోవచ్చు.

ఇక నియమం సంగతి. ఆటగాళ్లు ప్రతిపాదించిన చోట్లను తోటి ఆటగాళ్లే పరిశీలించి ఓటు వేసే వేఫేరర్ అనే ఏర్పాటును ఈ ఆటలు తయారుచేసిన నియాంటిక్ సంస్థ 2019 అక్టోబరులో తెచ్చింది. ఒక కుటుంబం ఉండే సొంత ఇంటి స్థలం, పిల్లలు చదివే బడి ఆవరణ, అగ్నిమాపక వాహనాలకూ అంబులెన్సులకూ అడ్డొచ్చే చోటు, మనిషి నడిచి క్షేమంగా చేరలేని చోటు అక్కడ పనికిరావు. అయితే కొందరికే ప్రవేశమున్న చోటు అన్నంత మాత్రాన అది అనర్హం కాదు. లోపలికి వెళ్లే హక్కు ఎవరికో కొందరికి ఉండి, వాళ్లు నడిచి దాన్ని చేరగలిగితే సరిపోతుంది. గేటెడ్ కమ్యూనిటీలోని ఉమ్మడి స్థలం ఈ లెక్కలోకే వస్తుంది.

ఈ నియమం మీకు అన్యాయంగా తోచవచ్చు. నాకు మాత్రం ఇది సబబైనదనే అనిపిస్తుంది. ఎందుకంటే అందరికీ అన్ని వేళలా అందే చోట్లను మాత్రమే ఉంచుదామంటే మ్యాపులో మిగిలేవి చాలా తక్కువ. గోల్కొండ కోటకు టిక్కెట్టూ ఉంది, మూసే వేళా ఉంది. విశ్వవిద్యాలయం లోపలి విగ్రహానికి గేటు దగ్గర గుర్తింపు కార్డు అడగవచ్చు. మంచం దిగి నాలుగడుగులు వేయడమే కష్టమైన ఆటగాడికి ఆసుపత్రి ఆవరణలోని పోర్టల్ ఒక్కటే ఆటస్థలం కావచ్చు. వీటన్నిటినీ తీసేస్తే ఎక్కువగా నష్టపోయేది దూరాలు తిరగలేనివాళ్లే.

అలాగని మీ ప్రత్యర్థికున్న వెసులుబాటు చిన్నదని నేను అనను. పోర్టల్‌ను ఎన్ని రోజులు నిలుపుకుంటే అంత పెద్ద గార్డియన్ పతకం వచ్చే కాలంలో, 150 రోజుల నల్ల పతకం కోసం ఎవరికీ అందని మూల ఏదని వెతికి మరీ ఆడినవాళ్లున్నారు. పోర్టల్ దగ్గరికి రోజూ వెళ్లాల్సిన పని కూడా లేదు. ఆటలో దొరికే దాని తాళంచెవి చేతిలో ఉంటే ఇంట్లో కూర్చునే, పోర్టల్‌ను నిలబెట్టే రెసొనేటర్లలో రోజుకు 15 శాతం చొప్పున తరిగిపోయే శక్తిని నింపుకోవచ్చు.

కాని ఆటలోనే దీనికి మందు ఉంది. హ్యాక్ చేయడానికీ, అంటే పోర్టల్ నుంచి ఆట సామాను తీసుకోవడానికీ, రెసొనేటర్లు పెట్టడానికీ 40 మీటర్ల లోపల ఉండాలి గాని, ఎనిమిదో స్థాయి ఎక్స్‌ఎమ్‌పీ బర్‌స్టర్ అనే ఆయుధం దెబ్బ 168 మీటర్ల దాకా పోతుంది. దూరం పెరిగేకొద్దీ దెబ్బ తగ్గుతుంది కనుక 62 మీటర్ల నుంచి ఎక్కువ బర్‌స్టర్లు ఖర్చవుతాయి, అయినా రెసొనేటర్లన్నీ కూలితే లింకులూ వాటితో పాటు ఫీల్డూ పోతాయి. ఆ ఒక్క పోర్టల్‌ను మీరు చేజిక్కించుకోలేరు, నిజమే. అయితే ఆయన ఫీల్డు ఇంకో రెండు పోర్టళ్ల మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఆ రెండూ వీధిలోనే ఉంటే మీకు బర్‌స్టర్ల ఖర్చు కూడా అంత ఉండదు. అవి చేతికొచ్చాక ఆయన మళ్లీ వేయబోయే దారికి అడ్డంగా ఒక లింకు వేసి ఉంచండి. ఒక లింకును మరో లింకు దాటలేదు.

ఆ పని కూడా రాత్రిపూట గోడ పక్కన నక్కి చేయకండి. పట్టపగలు, నలుగురూ నడిచే రోడ్డు మీద నిలబడి చేయండి. వాచ్‌మన్ అడిగితే ఫోను చూపించి ఆట ఆడుతున్నానని చెప్పండి. కుదరదని ఆయన అంటే అక్కడి నుంచి కదలండి. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ప్రకారం అక్రమ ప్రవేశం నేరం కావడానికి దురుద్దేశం ఉండాలి గాని, పొమ్మన్నా పోకుండా నిలబడి వాదించేవాడి ఉద్దేశం ఏమిటో తర్వాత స్టేషనులో నిరూపించుకోవడం సులువైన పని కాదు. మ్యాపు మీద చుక్క ఉంది కదా అన్న మాట అక్కడ చెల్లదు. రాత్రి కాపలాలో తనకు తెలియని మనిషిని లోపలికి వదిలితే ఉద్యోగం పోయేది ఆ వాచ్‌మన్‌దే, ఆ సంగతి కూడా కాస్త తలచుకోండి.

ఇంకొక్క మాట. ఆటగాళ్లు సందేశాలు పంపుకునే కామ్ ద్వారా ఆయన్నే ఒకసారి పలకరించి చూడండి. ఒక ఆదివారం తన అతిథిగా మిమ్మల్ని లోపలికి పిలిపించుకోవడం ఆయన చేతిలో పని. ఒప్పుకోకపోతే అది ఆయన ఇష్టం. ఆయన నిజంగా అక్కడ లేకుండా నకిలీ లొకేషన్‌తో ఆడుతున్నారని మీకు ఆధారముంటే మాత్రం, పోర్టల్ మీద కాకుండా ఆ ఖాతా మీద ఫిర్యాదు చేయండి. ఆధారం లేకుండా ఆ మాట పైకి అనకండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ల సంఘానికి నేను కార్యదర్శిని. పిల్లల పార్కులోని జారుడుబల్ల పక్కన పోకెమాన్ గో జిమ్ ఉన్నదట. జిమ్ములో వెలిసిన బలమైన పోకెమాన్‌తో కలిసి పోరాడే రెయిడ్ పేరుతో బయటి కుర్రాళ్లు గుంపుగా వస్తున్నారు. తీయించే హక్కు మాకు ఉందా?
— విశాఖపట్నం

జవాబు: అడిగే హక్కు మీకు ఉంది. ఈ దారి వేసింది అమెరికాలోని ఇళ్ల యజమానులు. 2016లో ఆట విడుదలైన వారాల్లోనే, అపరిచితులు తమ గుమ్మాల దాకా వస్తున్నారని వాళ్లు కోర్టుకెక్కారు. 2019లో కుదిరిన రాజీ ప్రకారం, సొంత ఇంటి స్థలం మీద గాని దానికి 40 మీటర్ల లోపు గాని ఉన్న జిమ్మునూ పోకీస్టాపునూ తొలగించమని ఇంటివారు కోరవచ్చు. ఫిర్యాదుల్లో అత్యధిక భాగాన్ని 15 రోజుల్లో పరిష్కరిస్తామని సంస్థ ఒప్పుకుంది. ఆ రాజీ అమెరికాకే పరిమితం కాబట్టి ఆ గడువును మీరిక్కడ పట్టుబట్టి అడగలేరు గాని, స్థలం యజమానిగా తొలగింపు కోరుతూ ఆట సహాయ విభాగానికి రాయవచ్చు. పోకెమాన్ గో 2025 మే నెలలో నియాంటిక్ నుంచి స్కోప్లీ సంస్థ చేతికి వెళ్లిందని గమనించండి, పాత చిరునామాలకు రాసి ఎదురుచూడకండి. జారుడుబల్ల ఫొటో, సంఘం తీర్మానం జత చేస్తే మీ మాటకు బలం వస్తుంది.

రాసేముందు ఒక చిన్న పని చేయండి. జారుడుబల్ల నుంచి గేటు దాకా అడుగులు లెక్కపెట్టండి. ఒకప్పుడు జిమ్ముకు 40 మీటర్ల లోపు రావలసి ఉండేది. కరోనా కాలంలో ఆ దూరాన్ని 80 మీటర్లకు పెంచారు, 2021లో కొన్ని దేశాల్లో మళ్లీ తగ్గించి, ఆటగాళ్ల నిరసనతో 80 మీటర్లనే ఖాయం చేశారు. మీ గేటు ఆ లోపే ఉంటే బయటివాళ్లు లోపలికి రావలసిన అవసరమే లేదు, ఆ సంగతి వాళ్లకు చెబితే చాలామంది సంతోషంగా బయటే ఆగిపోతారు. రోడ్డు ఇరుకైతే మాత్రం ఆ సలహా ఇవ్వకండి, వెనక నుంచి వచ్చే ఆటోను ఫోనులో తల దూర్చినవాడు చూడడు. మీ అపార్ట్‌మెంట్లలో ఆడే పిల్లలను కూడా ఒకసారి అడగండి. జిమ్ములో నిలిచిన పోకెమాన్ పది నిమిషాలకొక నాణెం తెస్తుంది, రోజంతా ఎన్ని జిమ్ములు పట్టినా 50 నాణేలకు మించదు. ఆ యాభై కోసం వాళ్లు కిందికి దిగి ఆడుకుంటున్నారేమో చూడండి.

ప్రశ్న: మా వారి ఉద్యోగం వల్ల మేము రక్షణ శాఖ క్వార్టర్లలో ఉంటాం. లోపలి పార్కులోని రాతి విగ్రహాన్ని పోకీస్టాపుగా ప్రతిపాదించాలని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. వద్దని ఎలా నచ్చజెప్పాలి?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ భయం సరైనదే. సైనిక స్థావరంలోని చోటును ఆట నియమాలు తప్పుపట్టకపోవచ్చు, కాని ప్రతిపాదనకు ఆ వస్తువు ఫొటో ఒకటి, దాని చుట్టుపక్కలు కనబడేలా ఇంకొకటి పంపాలి. ఆ రెండో ఫొటోలోనే ప్రమాదమంతా ఉంది. నిషిద్ధ ప్రదేశాల సంగతి చూసే అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, ఆటకోసం తీశామన్న మినహాయింపు అందులో లేదు.

బాబుకు రెండు సంగతులు చెప్పండి. 2016 జూలైలో ఇండోనేషియాలోని సిరెబాన్‌లో పోకెమాన్‌ను వెతుక్కుంటూ సైనిక స్థావరంలోకి నడిచిన ఒక ఫ్రెంచి పౌరుణ్ణి పట్టుకుని ప్రశ్నించారు. అదే ఏడు కెనడాలో కింగ్‌స్టన్ పట్టణంలోని ఫోర్ట్ ఫ్రాంటినాక్ అటు జిమ్ముగానూ ఇటు పోకీస్టాపుగానూ ఉందని తెలిసి, అవేమిటో కూడా తెలియని అధికారులు కాపలావాళ్లను హెచ్చరించవలసి వచ్చింది. విగ్రహం పక్కన చుక్క వెలిస్తే, దాన్ని చూసి మీ గేటు ముందు ఆగేవాళ్లకు జవాబు చెప్పాల్సింది అక్కడి జవానే.

వాడి ఉత్సాహాన్ని మాత్రం తుంచేయకండి. సెలవులకు ఊరెళ్లినప్పుడు అక్కడి బొడ్రాయినో, పాత కోనేటినో, గ్రంథాలయాన్నో ప్రతిపాదించమనండి. గుళ్లో ఫొటో తీసే ముందు పూజారినో ధర్మకర్తనో అడగమనండి. తిరుమల శ్రీవారి ఆలయం వంటి చోట లోపలికి ఫోనే తీసుకెళ్లనివ్వరు. క్వార్టర్ల లోపలి విగ్రహం విషయంలో స్టేషన్ అధికారి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, ఫోను కెమెరా దాని వైపు తిప్పవద్దని గట్టిగానే చెప్పండి.