అమ్మగారి వేళ్ల బిగుతు: మాత్ర ఆపే ముందు

గాజువాక మిత్రమా, అమ్మగారికి రుమటాయిడ్ కీళ్లవాతం, పొద్దున వేళ్లు ముడవలేరు, పదింటికి సర్దుకుంటాయి, ఇదంతా టెన్షనేనా, స్టెరాయిడ్ మాత్ర ఆపేయొచ్చా అన్నారు.

టెన్షన్ ఒక్కటే కాదండీ. ఒంట్లోనే తయారై వాపును అణిచే కార్టిసాల్ హార్మోను అర్ధరాత్రికి అడుగంటుతుంది; వాపు పెంచే రసాయనాలు తెల్లవారుజామున ఎక్కువవుతాయి. మా అత్తయ్యా ఆరింటికి పాల ప్యాకెట్ చించలేకపోయేది, టిఫిన్ వేళకి చట్నీ రుబ్బేసేది. మెదడు నుంచి పొట్టదాకా దిగే వేగస్ నాడి కూడా వాపుకు బ్రేకు వేస్తుంది. 2002లో అమెరికా డాక్టరు, పరిశోధకుడు కెవిన్ ట్రేసీ వివరించింది ఇదే.

మాత్ర మాత్రం చటుక్కున ఆపకండి. చాన్నాళ్లు వాడితే కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ సొంత తయారీ తగ్గించేస్తాయి. ఒక్కసారిగా మానితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. రాసిన డాక్టరునే అడిగి మెల్లగా తగ్గించాలి. ఆర్కే బీచ్ నడక ఈలోగా సాయంత్రానికి మార్చండి.