లండన్ దగ్గర అమ్మానాన్నలతో ఒక్క రోజు నడక: వెండోవర్ కొండ దారి

లండన్ నుంచి ఉదయం వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగల కొండ నడక ఏది, ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులు నడవగలరా అని ఒకరు అడిగారు. నడవగలరు. అరవై ఎనిమిదేళ్ళ మా నాన్నగారు పోయిన మే నెలలో నడిచారు. వచ్చిన పెద్దవాళ్ళను కోటలూ మ్యూజియంలూ తిప్పి, ఫోటోలు తీసి పంపించేస్తారు మనవాళ్ళు. జన్మంతా సేద్యం చేసిన మనిషికి చూపించవలసింది అదా? పొలం చూపించండి.

లండన్‌లోని మేరిలబోన్ స్టేషన్‌లో రైలెక్కితే సుమారు 50 నిమిషాల్లో వెండోవర్. ఊరు దాటగానే రిడ్జ్‌వే అనే నడక బాట కూంబ్ హిల్ మీదికి ఎక్కుతుంది. ఎత్తు 260 మీటర్లే, ఆగి ఆగి ఎక్కవచ్చు. పైన దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో చనిపోయిన ఈ జిల్లా సైనికుల స్మారక స్తంభం, కింద ఎయిల్స్‌బరీ మైదానమంతా పరచినట్టు కనిపిస్తుంది. అక్కడి నుంచి బీచ్ చెట్ల అడవిలోకి దిగి, చెకర్స్ అనే పెద్ద బంగళా దాకా వెళ్ళి, డన్స్‌మోర్ అనే చిన్న ఊరి మీదుగా మళ్ళీ వెండోవర్ చేరుకోవాలి. పదకొండు పన్నెండు కిలోమీటర్లు. మే మొదటి వారంలో వెళితే అడవి నేలంతా బ్లూబెల్ పూలు. తలమీద చీలిన తోకల గద్దలు తిరుగుతుంటాయి. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో పూర్తిగా అంతరించిపోయిన జాతి అది. 1989 నుంచి స్పెయిన్ నుంచి తెచ్చి ఈ కొండల్లో వదిలితే ఇంతగా పెరిగాయి.

అసలు సంగతి అడవి దాటాక జరిగింది. బాట తిన్నగా ఒక గోధుమ చేలోకి వెళ్ళింది. గట్టు మీదుగా కాదు, చేను నడిమధ్యగా. నాన్న ఆగిపోయారు. "ఎవరి చేనమ్మా ఇది? పైరులో నడుస్తామా?" అన్నారు. గేటు స్తంభానికి ఉన్న పసుపు బాణం గుర్తు చూపించాను, మ్యాపులో ఆకుపచ్చ చుక్కల గీత చూపించాను. అయినా అడుగు పడలేదు. ఇక్కడ పొలం గుండా జనానికి దారి హక్కు ఉన్న చోట రైతు దున్నినా, విత్తినా, 14 రోజుల్లోగా కనీసం ఒక మీటరు వెడల్పున బాట మళ్ళీ తీసి ఇవ్వాలని చట్టం ఉంది అని చెప్పాను. అప్పుడు వంగి, ఆ ఖాళీ వెడల్పును జానతో కొలిచారు. నాలుగు జానలు దాటింది. చెప్పులు విడిచి చేతపట్టుకుని, ఒక్క మొక్క కూడా కాలికి తగలకుండా ఆ చేను దాటారు. వెనకాల నేను బూట్లతోనే నడిచాను. ఇప్పటికీ అది తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఆ చేలో మట్టి కంటే రాళ్ళే ఎక్కువ. నాన్న ఒకటి తీసి మరొకదానితో కొట్టారు. పైన సున్నం పూసినట్టు తెల్లటి పెంకు, లోపల గాజులా నల్లగా మెరిసే ముక్క. వాసన చూసి "చెకుముకి రాయే" అన్నారు. ఈ ప్రాంతపు పాత చర్చిల గోడలు కట్టింది ఈ రాళ్ళతోనే.

తరువాత చెకర్స్. బ్రిటన్ ప్రధానమంత్రులకు 1921 నుంచి విడిది ఇల్లు అది. మనం నడిచే బాట ఆ ఇంటికి వెళ్ళే రోడ్డును అడ్డంగా దాటిపోతుంది. స్తంభాలకు కెమెరాలు ఉంటాయి కానీ, బాట విడవనంత వరకు ఎవరూ ఆపరు. ప్రధానమంత్రి వస్తున్నాడని దారి మూసేయలేదు. నా దృష్టిలో ఇంగ్లండ్‌లో చూడవలసిన గొప్ప కట్టడం ఆ పొలం బాటే. ఈ హక్కు ఎవరూ దానంగా ఇచ్చింది కాదు. 1932లో కిండర్ స్కౌట్ కొండ మీదికి భూస్వాముల నిషేధాన్ని ధిక్కరించి నడిచినవాళ్ళలో కొందరు జైలుకు కూడా వెళ్ళారు.

మా ఊళ్ళో చెరువు వైపు డొంక ఉండేది. రెండు ఎడ్లబండ్లు ఎదురెదురుగా వస్తే తప్పుకునేంత వెడల్పు. ఇరువైపుల పొలాల వాళ్ళూ ఏటా ఒక చాలు లోపలికి దున్నుకుంటూ వచ్చారు, చివరికి ఒకాయన కంచె వేశాడు. ఇప్పుడు ఆ వైపు పొలాలకు పురుగుమందు డబ్బా మోయాలన్నా కిలోమీటరు చుట్టు. అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఇది నన్ను ఎంత బాధిస్తుందో చెప్పలేను.

డన్స్‌మోర్ దిగువన కూర్చుని పులిహోర తింటున్నప్పుడు నాన్న ఒకటే అడిగారు: "ఆ మ్యాపులో గీత ఉంటే చాలా?" చాలు అన్నాను. ఊరు వెళ్ళిన వారంలోనే గ్రామ నక్షా నకలు తీయించారు. డొంక అందులో స్పష్టంగా ఉంది. అర్జీ పెట్టారు, కంచె ఇంకా ఉంది, నాన్న తిరుగుతూనే ఉన్నారు.

మీరు వెళ్ళేటప్పుడు ఫోనును నమ్ముకోకండి, అడవిలో సిగ్నల్ పోతుంది. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వేసే ఎక్స్‌ప్లోరర్ 181 కాగితం మ్యాపు కొనుక్కోండి. నాన్నగారి చేతికి ఇవ్వండి.